రెండు కెమెరాల సెన్సర్లను పోల్చేటప్పుడు ఏ అంకెలు చూడాలి, ఏవి వదిలేయాలి

రెండు కెమెరాల స్పెసిఫికేషన్లు పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఒక్క సెన్సర్ (లెన్స్ నుంచి వచ్చే కాంతిని పట్టి ఫోటోగా మార్చే చిప్) గురించే అరడజను వివరాలు కనిపిస్తాయి. ఒకదానికి 24 మెగాపిక్సెళ్లు, ఇంకోదానికి 26. ఒకటి ఫుల్ ఫ్రేమ్, ఇంకోటి ఏపీఎస్-సీ. ఒకదాని ఐఎస్ఓ 51,200 దగ్గర ఆగిపోతే ఇంకోదానిది 2,04,800 దాకా పోతుంది. ఒకటి బ్యాక్ ఇల్యూమినేటెడ్ అంటుంది, ఇంకోటి స్టాక్డ్ అంటుంది. ఏ అంకె పెద్దదైతే ఆ కెమెరాకి ఒక మార్కు వేసుకుంటూ పోతే చివరికి తలనొప్పి తప్ప ఏమీ తేలదు.

నన్నడిగితే ఈ అంకెల్లో సగం అసలు పట్టించుకోనక్కర్లేదు. మిగిలిన సగం దాదాపుగా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: ఆ ఒక్క ఫోటోకి మొత్తం మీద ఎంత కాంతి అందింది? దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది. ఆ కాంతి లెక్కని సెన్సర్ ఎంత త్వరగా చదివి ముగిస్తుంది? కదిలే వాటిని, వీడియోని తీసేవాళ్లకి ఈ రెండోది చాలా ముఖ్యం. మిగతావాళ్లకి మొదటిది చాలు.

సైజు పేర్లతో వచ్చే తికమక

ఫుల్ ఫ్రేమ్ అంటే 36×24 మి.మీ., పాత 35 ఎం.ఎం. ఫిల్మ్ మీద పడే ఫ్రేమ్ అంత. ఏపీఎస్-సీ సోనీ, నికాన్, ఫూజీఫిల్మ్ కెమెరాల్లో సుమారు 23.5×15.6 మి.మీ. ఉంటుంది. కానన్‌ది కాస్త చిన్నది, 22.3×14.9. మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3×13 మి.మీ. ఇక ‘1 అంగుళం సెన్సర్’ అనేదాని కొలత 13.2×8.8 మి.మీ. దాని మూల నుంచి మూలకి కొలిచినా 16 మి.మీ. దాటదు, అంగుళమేమో 25.4 మి.మీ. ఈ పేరు పాత టీవీ కెమెరాల్లో వాడిన విడికాన్ గొట్టాల కాలం నాటిది. అప్పట్లో గాజు గొట్టం బయటి వ్యాసాన్ని బట్టి సైజు చెప్పేవాళ్లు. చిత్రం పడే భాగం అందులో మూడింట రెండొంతులే ఉండేది. గొట్టాలు పోయాయి గానీ అలవాటు మిగిలింది. అందుకే 1/2.3 అంగుళం లాంటి పేరు చూసి కొలత ఊహించుకోవద్దు. పొడవు, వెడల్పు మి.మీ.లలో ఎంతో వెతికి, గుణించి వైశాల్యం చూడండి.

అలా గుణిస్తే ఫుల్ ఫ్రేమ్ 864 చదరపు మి.మీ., ఏపీఎస్-సీ 367, మైక్రో ఫోర్ థర్డ్స్ 225, 1 అంగుళానిది 116. ఫోటోగ్రఫీలో కాంతి రెట్టింపైతే ఒక స్టాప్ అంటారు కదా, ఆ లెక్కలో ఫుల్ ఫ్రేమ్‌కీ ఏపీఎస్-సీకీ మధ్య తేడా 1.2 స్టాప్. ఫుల్ ఫ్రేమ్‌కీ మైక్రో ఫోర్ థర్డ్స్‌కీ మధ్య దాదాపు 2. ఏపీఎస్-సీకీ మైక్రో ఫోర్ థర్డ్స్‌కీ మధ్య 0.7 మాత్రమే. ఈ చివరి రెండింటి మీద జరిగే వాదనల వేడి చూస్తే అక్కడ ఏదో అగాధం ఉందనిపిస్తుంది. నిజానికి ఒక స్టాప్ కూడా లేదు.

కాంతి ఎక్కువైతే ఫోటో ఎందుకు బాగుంటుంది? నాయిస్‌ని, అంటే ఫోటోలో కనిపించే గరుకుని, అందరూ సెన్సర్ లోపం అనుకుంటారు గానీ, మనకి కనిపించే నాయిస్‌లో పెద్ద వాటా కాంతిదే. కాంతి ఫోటాన్లుగా, విడివిడి రేణువులుగా వస్తుంది, అదీ ఒక వరస లేకుండా. వాన మొదలైన మొదటి క్షణాల్లో పెరట్లో పరిచిన బండల్ని చూడండి: ఒక బండ మీద నాలుగు చినుకులుంటే పక్కదాని మీద తొమ్మిది ఉంటాయి. కాసేపు గట్టిగా కురిశాక అన్నీ ఒకేలా తడిసిపోతాయి. ఒక పిక్సెల్ మీద సగటున 100 ఫోటాన్లు పడితే వాటిలో హెచ్చుతగ్గులు 10 దాకా ఉంటాయి, అంటే పదో వంతు. 10,000 పడితే హెచ్చుతగ్గులు 100, అంటే నూరో వంతే. మొదటి దాంట్లో ఆకాశం గరుకుగా కనిపిస్తుంది, రెండో దాంట్లో నున్నగా ఉంటుంది. సెన్సర్ ఎంత గొప్పదైనా ఈ లెక్క మారదు.

ఐఎస్ఓ పెంచితే సెన్సర్ ఎక్కువ కాంతిని పట్టుకుంటుందన్న నమ్మకం కూడా దీంతోనే పోవాలి. పడిన కాంతి పడినంతే. ఐఎస్ఓ దాన్ని ఎంత ప్రకాశంగా చూపించాలో చెప్పే అంకె. చాలా కెమెరాల్లో దాంతోపాటు సిగ్నల్‌ని పెంచే గెయిన్ కూడా మారుతుంది. గరిష్ఠ ఐఎస్ఓ 2,04,800 అని రాసి ఉంటే, ఆ సెట్టింగ్ మెనూలో ఉందని మాత్రమే అర్థం. అక్కడ తీసిన ఫోటో చూడదగ్గదిగా ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. రెండు కెమెరాలను పోల్చేటప్పుడు నేను మొట్టమొదట కొట్టేసే వరుస ఇదే.

లెన్స్ లేకుండా సెన్సర్ పోలిక ఉండదు

ఎక్కువమంది తప్పుదారి పట్టేది ఇక్కడే. పెద్ద సెన్సర్ ఎక్కువ కాంతిని ‘పట్టగలదు’, నిజమే. కానీ కాంతిని లోపలికి పంపేది లెన్స్. ఒక ఉదాహరణ లెక్క కట్టి చూద్దాం.

మొదటి కెమెరా ఏపీఎస్-సీ, దానికి 23 ఎం.ఎం. ఎఫ్/1.4 లెన్స్. రెండోది ఫుల్ ఫ్రేమ్, దానికి 24-105 ఎం.ఎం. ఎఫ్/4 జూమ్, 35 ఎం.ఎం. దగ్గర పెట్టి ఉంది. 23ని ఏపీఎస్-సీ క్రాప్ ఫ్యాక్టర్ (దానికంటే ఫుల్ ఫ్రేమ్ ఎన్ని రెట్లు వెడల్పో చెప్పే అంకె) 1.5తో గుణిస్తే 34.5 వస్తుంది కాబట్టి రెండు కెమెరాలకీ కనిపించే దృశ్యం ఒకటే. ఫోకల్ లెంగ్త్‌ని (లెన్స్ పేరులో ఎం.ఎం.లలో ఉండే అంకె) ఎఫ్ నంబర్‌తో (ఎఫ్/ తర్వాత ఉండే అంకె) భాగిస్తే, ముందు నుంచి చూసినప్పుడు అపర్చర్, అంటే కాంతి లోపలికి వెళ్లే రంధ్రం, ఎంత వ్యాసంతో కనిపిస్తుందో వస్తుంది. మొదటి దానికి 23÷1.4, అంటే 16.4 మి.మీ. రెండోదానికి 35÷4, అంటే 8.75 మి.మీ. ఒకే దృశ్యం నుంచి, ఒకే షట్టర్ స్పీడ్‌లో లోపలికొచ్చే కాంతి ఆ రంధ్రం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. వైశాల్యాల నిష్పత్తి చూస్తే చిన్న సెన్సర్ ఉన్న కెమెరాకి మూడున్నర రెట్లు ఎక్కువ కాంతి అందుతోంది!

దీన్నే మసక వెలుతురున్న హాల్లోకి తీసుకెళ్దాం. షట్టర్ రెండింటికీ 1/125 సెకను. మొదటి కెమెరా ఎఫ్/1.4 దగ్గర ఐఎస్ఓ 1600తో సరిపెట్టుకుంటే, రెండోది ఎఫ్/4 దగ్గర 12,800కి వెళ్లక తప్పదు, మధ్యలో మూడు స్టాపులున్నాయి కదా. ఫుల్ ఫ్రేమ్‌కి సైజు వల్ల వచ్చే 1.2 స్టాప్ లాభం తీసేసినా, దాని 12,800 ఏపీఎస్-సీ మీద సుమారు 5,500లా కనిపిస్తుంది. 1600కీ 5,500కీ తేడా ఎవరికైనా కనిపిస్తుంది. ‘ఫుల్ ఫ్రేమ్ కొన్నాను, అయినా రాత్రి ఫోటోలు గింజలు గింజలుగా వస్తున్నాయి’ అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి సమాధానం ఈ లెక్కలోనే ఉంది.

అదే ఫుల్ ఫ్రేమ్‌కి 35 ఎం.ఎం. ఎఫ్/1.4 లెన్స్ తగిలిస్తే రంధ్రం వ్యాసం 25 మి.మీ. అవుతుంది, పందెం తిరగబడుతుంది. కానీ ఆ లెన్స్ మామూలుగా ఇంకా పెద్దది, ఇంకా బరువు. కాబట్టి కెమెరా బాడీని బాడీతో కాకుండా, మీరు నిజంగా కొని మెడలో వేసుకుని తిరగబోయే బాడీ-లెన్స్ జంటను అలాంటి జంటతోనే పోల్చాలి. బాడీ మీదే డబ్బంతా పెట్టి, చివర్లో మిగిలినదానితో తక్కువ కాంతిని పంపే చీకటి లెన్స్ కొనడం సెన్సర్‌కి చేసే అన్యాయం.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఎక్కువ కాంతి కోసం అపర్చర్ పెద్దగా తెరిస్తే ఫోకస్‌లో ఉండే లోతు తగ్గిపోతుంది. మూడు వరసల్లో నిలబడ్డ గ్రూప్ ఫోటోలో అందరి మొహాలూ స్పష్టంగా రావాలనుకోండి. మైక్రో ఫోర్ థర్డ్స్ మీద ఎఫ్/4తో వచ్చే లోతు ఫుల్ ఫ్రేమ్ మీద రావాలంటే ఎఫ్/8 పెట్టాలి. షట్టర్ స్పీడ్ మార్చే వీల్లేకపోతే ఐఎస్ఓ రెండు స్టాపులు పెరుగుతుంది, పెద్ద సెన్సర్ లాభం మొత్తం అక్కడే ఖర్చయిపోతుంది. కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి, కదలని దృశ్యాన్ని తీసేటప్పుడు సంగతి వేరు. ఐఎస్ఓ 100 దగ్గరే ఉంచి షట్టర్ ఎంతసేపైనా తెరిచి ఉంచొచ్చు, పెద్ద సెన్సర్ నిండేదాకా కాంతిని నింపుకోవచ్చు. ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్లు ఫుల్ ఫ్రేమ్‌ని వదలకపోవడానికి ఇదొక గట్టి కారణం.

మెగాపిక్సెళ్లు

24కీ 26కీ తేడా లేదు. 24 మెగాపిక్సెళ్ల ఫోటో అంటే 6000×4000. 45 మెగాపిక్సెళ్లంటే 8256×5504. అంకె దాదాపు రెట్టింపైనా పొడవు పెరిగింది 1.4 రెట్లలోపే. 4కే స్క్రీన్ మొత్తం నిండటానికి 8.3 మెగాపిక్సెళ్లు చాలు. అంగుళానికి 300 చుక్కలతో ప్రింట్ వేసినా 24 మెగాపిక్సెళ్లతో 20 అంగుళాల పొడవు ఫోటో వస్తుంది. దూరంగా ఉన్న పిట్టని తీసి, చుట్టూ ఉన్నదంతా కత్తిరించి పిట్టని మాత్రమే ఉంచుకునేవాళ్లకి ఎక్కువ పిక్సెళ్లు పనికొస్తాయి. గోడంత ప్రింట్లు వేసేవాళ్లకీ అంతే. మిగతావాళ్లకి హార్డ్‌డిస్క్ త్వరగా నిండుతుంది.

పిక్సెళ్లు ఎక్కువైతే ఒక్కోటి చిన్నదైపోయి చీకట్లో నాయిస్ పెరుగుతుందన్న మాట మాత్రం సగమే నిజం. ఒక్కో పిక్సెల్‌ని 100 శాతం జూమ్‌లో చూస్తే అవును, 61 మెగాపిక్సెళ్ల సెన్సర్ ఫోటో 12 మెగాపిక్సెళ్ల దానికంటే గరుకుగా కనిపిస్తుంది. కానీ అలా చూడటమంటే ఒక ఫోటోని రెండు రెట్లకు పైగా పెద్దది చేసి రెండోదానితో పోల్చడమే. రెండింటినీ ఒకే సైజుకి కుదించి చూడండి. సెన్సర్ సైజు ఒకటే, పడిన కాంతీ ఒకటే, కాబట్టి నాయిస్ కూడా దగ్గరదగ్గరగానే ఉంటుంది. ఐఎస్ఓ మరీ పైకి పోయినప్పుడు మాత్రమే పెద్ద పిక్సెళ్లు కాస్త ముందుంటాయి. కెమెరాలను కొలిచే డీఎక్స్‌ఓమార్క్ సైట్ తన కొలతల్లో ‘స్క్రీన్’, ‘ప్రింట్’ అని రెండు చూపించేది ఇందుకే. ప్రింట్ అనేది అన్ని ఫోటోలనూ 8 మెగాపిక్సెళ్లకు కుదించినట్టు లెక్కగట్టినది. రెండు కెమెరాలను పోల్చాలంటే అదే చూడాలి.

ఇంకో మాట. ఎఫ్/16 దగ్గర డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం దాటేటప్పుడు కాంతి చెదరడం) వల్ల ఒక కాంతి బిందువు 20 మైక్రాన్లకు మించిన మచ్చగా పరుచుకుంటుంది. 61 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌లో పిక్సెల్ వెడల్పు 4 మైక్రాన్లు కూడా ఉండదు. అపర్చర్ అంతగా మూసి తీసే అలవాటున్నవాళ్లకి ఆ అదనపు పిక్సెళ్లు తెచ్చిపెట్టేది అంతంత మాత్రమే.

డైనమిక్ రేంజ్

కిటికీ పక్కన కూర్చున్న మనిషిని తీస్తే కిటికీ అవతల తెల్లగా మాడిపోవడమో, మొహం నల్లబడటమో చూస్తుంటాం. ఆ రెండు కొసలనీ ఒకే ఫోటోలో పట్టుకునే సామర్థ్యమే డైనమిక్ రేంజ్. ఒక పిక్సెల్ నిండిపోయేలోపు 50,000 ఎలక్ట్రాన్లు (కాంతి పడినప్పుడు పిక్సెల్‌లో పోగయ్యే కణాలు) పట్టి, దాన్ని చదివేటప్పుడు సర్క్యూట్ కలిపే నాయిస్ 3 ఎలక్ట్రాన్లు ఉంటే, నిష్పత్తి 16,000 పైచిలుకు, అంటే 14 స్టాపులు. రా ఫైళ్లు (సెన్సర్ చదివినదాన్ని కెమెరా మార్పులు చేయకుండా దాచే ఫైళ్లు) 14 బిట్లలో ఉండటానికీ దీనికీ సంబంధం ఉంది, ఎందుకంటే 14 బిట్లంటే 16,384 మెట్లు. 12 బిట్లయితే 4,096 మెట్లే.

ప్రకటనల్లో వచ్చే డైనమిక్ రేంజ్ అంకె కనిష్ఠ ఐఎస్ఓ దగ్గరిది. అక్కడి నుంచి ఐఎస్ఓ ఒక స్టాప్ పెరిగినప్పుడల్లా అది దాదాపు ఒక స్టాప్ చొప్పున తగ్గుతూ పోతుంది. కాబట్టి మీరు ఎక్కువగా ఐఎస్ఓ 3200 దగ్గర తీస్తుంటే ఐఎస్ఓ 100 దగ్గరి గొప్పలు మీకు పనికిరావు. బిల్ క్లాఫ్ నడిపే ఫోటాన్స్ టు ఫోటోస్ సైట్‌లో ఏ కెమెరాకైనా ఐఎస్ఓని బట్టి డైనమిక్ రేంజ్ ఎలా పడిపోతుందో గ్రాఫ్ ఉంటుంది. రెండు కెమెరాల గీతలు ఒకదాని మీద ఒకటి వేసి చూడొచ్చు. కొన్ని గీతలు మధ్యలో ఒకచోట ఉన్నట్టుండి పైకి లేస్తాయి. అది డ్యూయల్ గెయిన్ గుర్తు: ఆ ఐఎస్ఓ నుంచి సెన్సర్ తక్కువ రీడ్ నాయిస్ (చదివేటప్పుడు సర్క్యూట్ కలిపే నాయిస్) ఉన్న రెండో సర్క్యూట్ పద్ధతికి మారుతుంది. సోనీ ఏ7-3లో ఆ మలుపు ఐఎస్ఓ 640 దగ్గర ఉంటుంది. అలాంటి కెమెరాలో చీకట్లో 500 పెట్టడం కంటే 640 పెట్టడమే మేలు.

రెండు గీతల మధ్య పావు స్టాప్, అర స్టాప్ తేడా ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి. ఫోటోలో అది కనిపించదు.

కొత్తది కాబట్టి మంచిదా?

పాత డిజిటల్ కెమెరాల్లో వాడిన సీసీడీ సెన్సర్‌ని బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ 1969లో కనిపెట్టారు. 2009లో వాళ్లకి ఫిజిక్స్ నోబెల్ కూడా వచ్చింది. ఇప్పుడు కెమెరాల్లో దాదాపు అన్నీ సీమాస్ అనే ఇంకో రకం సెన్సర్లే. వీటిలో మొదటి నుంచీ ఉన్న చిక్కేమిటంటే, వైర్లు కాంతిని పట్టే భాగం పైన ఉండేవి, కాస్త కాంతి వాటికి తగిలి వృథా అయ్యేది. సెన్సర్‌ని తిరగేసి వైర్లని వెనక్కి పంపించడమే బ్యాక్ ఇల్యూమినేషన్. ఫుల్ ఫ్రేమ్‌లో ఇది మొదట 2015లో సోనీ ఏ7ఆర్-2తో వచ్చింది. ఫోన్లలో ఉండే బుల్లి పిక్సెళ్లకి దీనివల్ల పెద్ద లాభం. పెద్ద సెన్సర్లలో పిక్సెళ్లు ఎలాగూ వెడల్పుగా ఉంటాయి కాబట్టి లాభం ఆ స్థాయిలో ఉండదు.

ఇంకో కారణం చేత కూడా ఇక్కడ అద్భుతాలు ఆశించనక్కర్లేదు. ఇప్పటి మంచి సెన్సర్లు తమ రంగు ఫిల్టర్ దాటి వచ్చిన కాంతిలో సగానికి పైగానే పట్టుకుంటున్నాయి. రేపు ఎవరైనా నూటికి నూరు శాతం పట్టుకునే సెన్సర్ చేసినా లాభం ఒక స్టాప్‌లోపే. అందుకే ఒకే సైజులో ఉన్న, వరసగా వచ్చిన రెండు మోడళ్ల మధ్య నాయిస్ తేడా వెతకడం దండగ పని. పైగా సోనీ సెమీకండక్టర్ విభాగం వేరే కెమెరా కంపెనీలకి కూడా సెన్సర్లు అమ్ముతుంది. పేర్లు వేరైనా రెండు కెమెరాల లోపల ఒకే కుటుంబానికి చెందిన చిప్ ఉండొచ్చు. చర్మం రంగు ఒకదాంట్లో ఎర్రగా, ఇంకోదాంట్లో పసుపుగా వస్తోందంటే చాలావరకు అది ఆ కంపెనీ కలర్ ప్రాసెసింగ్ వల్లే. రా ఫైల్‌లో దాన్ని మార్చుకోవచ్చు.

చదివే వేగం

కొత్త సెన్సర్లలో అసలైన మార్పు ఇక్కడ వచ్చింది. మామూలు సెన్సర్ ఫోటోని ఒకేసారి చదవదు, పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కో వరసా చదువుకుంటూ వస్తుంది. 24 మెగాపిక్సెళ్ల మామూలు ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌కి సైలెంట్ షట్టర్‌లో (మెకానికల్ షట్టర్ కదలకుండా సెన్సర్‌తోనే తీసే పద్ధతిలో) ఇందుకు 50 మిల్లీసెకన్ల పైనే పట్టొచ్చు. ఈలోపు ఊపిన బ్యాట్ వంగిపోయినట్టు వస్తుంది, వేగంగా వెళ్లే బస్సు పక్కకి ఒరిగినట్టు వస్తుంది, ఎల్‌ఈడీ లైట్ల కింద తీస్తే ఫోటో అంతా అడ్డచారలు పడతాయి. మెకానికల్ షట్టర్ కర్టెన్లు ఇదే పనిని నాలుగైదు మిల్లీసెకన్లలో ముగిస్తాయి కాబట్టి అక్కడ ఈ బెడద దాదాపు ఉండదు.

స్టాక్డ్ సెన్సర్‌లో పిక్సెళ్ల వెనకే సర్క్యూట్లు, మెమరీ పొరలుగా అతికించి ఉంటాయి. సోనీ 2017లో ఏ9తో దీన్ని ఫుల్ ఫ్రేమ్‌లోకి తెచ్చింది. 2021లో వచ్చిన నికాన్ జెడ్9 సెన్సర్ చదవడం 4 మిల్లీసెకన్లలోపే ముగుస్తుంది. దాంతో నికాన్ ఆ కెమెరాలో మెకానికల్ షట్టర్‌నే తీసేసింది. 2023లో ప్రకటించిన సోనీ ఏ9-3 ఇంకో అడుగు వేసి అన్ని వరసలనీ ఒకేసారి పట్టే గ్లోబల్ షట్టర్ తెచ్చింది. వంకర అన్న మాటే లేదు.

కానీ ఊరికే రాలేదు. ఆ కెమెరా కనిష్ఠ ఐఎస్ఓ 250, మామూలు 100 కాదు. ప్రతి పిక్సెల్ దగ్గరా అదనపు సర్క్యూట్ పెట్టేసరికి కాంతిని నిల్వ చేసుకునే చోటు తగ్గింది. 2024లో వచ్చిన నికాన్ జెడ్6-3 సెన్సర్ పాక్షికంగా స్టాక్డ్. అది జెడ్6-2 కంటే చాలా వేగంగా చదువుతుంది, కనిష్ఠ ఐఎస్ఓ దగ్గర డైనమిక్ రేంజ్‌లో మాత్రం దానికంటే కాస్త వెనకబడింది. కొత్త మోడల్ పాతదాని కంటే అన్నింట్లోనూ మెరుగే అనుకునేవాళ్లకి ఇది మింగుడుపడలేదు. ఆటలు, పక్షులు, వీడియో మీ పనైతే అలాంటి సెన్సర్ తీసుకోండి. సూర్యోదయాలు, కొండలు మీ పనైతే పాతదే మీకు మెరుగైనది, బహుశా చవకైనది కూడా.

వీడియో కోసం చూసేవాళ్లు చదివే వేగంతోపాటు ఇంకో సంగతి తెలుసుకోవాలి: 4కే తీసేటప్పుడు కెమెరా సెన్సర్ మొత్తం వెడల్పునీ చదివి కుదిస్తోందా, వరసలు దాటేస్తోందా, లేక మధ్యలో ముక్కనే వాడుకుంటోందా. మధ్య ముక్కనే వాడితే మీరు ఫుల్ ఫ్రేమ్ కొని చిన్న సెన్సర్‌తో వీడియో తీస్తున్నట్టే.

స్వయంగా పోల్చడం ఎలా

రెండు కెమెరాలతో ఒకే దృశ్యాన్ని తీసిన రా ఫైళ్లు రివ్యూ సైట్లలో దొరుకుతాయి. వాటిని దించుకుని ఒకే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. కెమెరా ఇచ్చే జేపెగ్‌లు పక్కన పెట్టండి, ఎందుకంటే అందులో కనిపించేది సెన్సర్ కంటే ఎక్కువగా ఆ కంపెనీ నాయిస్ రిడక్షన్. షట్టర్ స్పీడ్, అపర్చర్, ఐఎస్ఓ మూడూ రాసి ఉన్నాయో లేదో చూసుకోండి. ఒకే ఐఎస్ఓ అని రాసి ఉన్నా ఒక కెమెరాకి షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచారేమో గమనించాలి, అప్పుడు దానికి ఎక్కువ కాంతి అందినట్టే కదా. సాఫ్ట్‌వేర్‌లో షార్పెనింగ్, నాయిస్ రిడక్షన్ సున్నా చేసి, రెండింటినీ ఒకే పిక్సెల్ సైజుకి కుదించండి. ఐఎస్ఓ 100 ఫైల్‌ని నాలుగు స్టాపులు ప్రకాశం పెంచి నీడల్లో రంగు మచ్చలు, అడ్డచారలు వస్తున్నాయేమో చూడండి. తర్వాత మీరు మామూలుగా వాడే ఎక్కువ ఐఎస్ఓ దగ్గర, అది 3200 కానివ్వండి 6400 కానివ్వండి, జుట్టు, నల్లబట్ట లాంటి చోట్ల వివరం ఎంత మిగిలిందో చూడండి. ఈ రెండు చోట్లా మీకు తేడా కనిపించకపోతే సెన్సర్ల సంగతి అక్కడితో వదిలేసి, ఆటోఫోకస్, లెన్సులు, చేతిలో పట్టు ఏ కెమెరాకి బాగున్నాయో చూసుకోవడం మొదలుపెట్టండి.